రెండు లక్షల కిలోమీటర్లు దాటిన వ్యాన్: పని ఎక్కడ మొదలుపెట్టాలి

కోహెడ పేరు పండ్ల వ్యాపారులకు బాగా తెలుసు. గడ్డిఅన్నారంలో 22 ఎకరాల్లో ఇరుకైపోయిన పండ్ల మార్కెట్ కోసం ఇక్కడ 178 ఎకరాలు కేటాయించారు. 2020 వేసవిలో, కరోనా రోజుల్లో, మామిడి అమ్మకాలు కొన్నాళ్లు ఇక్కడే సాగాయి. మే మొదట్లో వచ్చిన గాలివానకు తాత్కాలిక షెడ్లు కూలిపోయాయి. తర్వాత మార్కెట్ అదే అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోని బాటసింగారానికి వెళ్లింది. మార్కెట్ ఎటు మారినా దాని వెంట సరుకు మోసేవి మాత్రం చిన్న బళ్లే: టాటా ఏస్‌లు, బొలేరో పికప్‌లు, పాత మారుతి ఓమ్నిలు.

ఆ బళ్ల వయసు నంబరు పలక మీదే కనిపిస్తుంది. ఈ చుట్టుపక్కల రిజిస్టరైన బండికి ఏపీ అక్షరాలున్నాయంటే అది 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడకముందుది. టీఎస్ అంటే ఆ తర్వాతిది. 2024 మార్చి నుంచి టీజీ వచ్చింది. ఓమ్ని తయారీ 2019లోనే ఆగిపోయింది కనుక రోడ్డు మీద కనిపించే ప్రతి ఓమ్ని ఇప్పుడు పాత బండే.

అలాంటి బండిని ఇంటి ముందు నిలబెట్టి సొంతంగా బాగుచేసుకోవాలనుకునే వాళ్ల కోసం ఈ అధ్యాయం. ఈ పనికి చెయ్యి తిరగడం కన్నా ముందు కావాల్సింది వరస. ఏది ముందు చూడాలి, ఏది తర్వాత, దేన్ని ఇంట్లో అసలు ముట్టుకోకూడదు అన్నది తేల్చుకున్న మనిషి నాలుగు పానాలతో కూడా చాలా పని చేయగలడు. అది తేల్చుకోకుండా మొదలుపెడితే, ఇంజన్ దింపి వేల రూపాయలు పోశాక అసలు లోపం వదులైన ఎర్త్ తీగలో ఉందని తెలుస్తుంది.

విజయవాడ హైవే మీద వనస్థలిపురం దగ్గర ఆటోనగర్ ఉంది. అక్కడే కాదు, ఏ మెకానిక్ షెడ్డు ముందైనా ఈ మాటలు వినిపిస్తాయి.

“ఇంజన్ బోర్‌కొచ్చిందన్నా. దించాల్సిందే.”

“ఎట్ల తెలిసింది తమ్మీ?”

“పొగ కొడ్తుంది గదా.”

పొగ ఒక్కటే చాలదు. ఆ పొగ రంగేమిటి, ఎప్పుడు వస్తోంది అన్నది ముఖ్యం. నీలం పొగ అయితే ఆయిల్ కాలుతున్నట్టు. నల్ల పొగ అయితే ఇంధనం ఎక్కువ పోతోంది, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి గాలి అందడం లేదు. తెల్లటి పొగ పొద్దున్నే కాసేపు వచ్చి ఆగితే అది మామూలు ఆవిరి. బండి వేడెక్కాక కూడా ఆగకపోతే కూలెంట్ సిలిండర్‌లోకి దిగుతోందని, హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానపడాలి. నీలం పొగలోనూ తేడా ఉంది. రాత్రంతా నిలిపిన బండి స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పుమని ఆగిపోతే వాల్వ్ సీళ్లు అరిగినట్టు. ఎక్సలేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే రింగులు. సీళ్ల ఖర్చుకూ బోరు కొట్టించే ఖర్చుకూ పొంతనే ఉండదు.

దీన్ని ఇంట్లోనే తేల్చుకునే పరీక్ష ఉంది. కంప్రెషన్ గేజ్ ఒకటి కొనాలి, లేదా తెలిసిన మెకానిక్ దగ్గర అడిగి తెచ్చుకోవాలి. ఓమ్నిలో ఇంజన్ ముందు సీట్ల కిందే ఉంటుంది, సీటు లేపితే చేతికందుతుంది. ఇంజన్ వేడెక్కాక ఆపి, మూడు స్పార్క్ ప్లగ్గులూ తీసి, ఇగ్నిషన్ కాయిల్ కనెక్షన్ ఊడదీయాలి. పెట్రోలు చిమ్మకుండా దాని సరఫరా కూడా ఆపాలి. మొదటి ప్లగ్గు రంధ్రంలో గేజ్ బిగించి, ఇంకొకరిని ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టమనాలి. నాలుగైదు చుట్లకు ముల్లు ఒకచోట నిలుస్తుంది. ఆ అంకె రాసుకోవాలి. మిగతా రెండింటికీ అంతే. మూడూ దగ్గర దగ్గరగా ఉంటే, బండి పాతదైనా ఇంజన్‌కు ప్రాణం ఉన్నట్టే. ఒకటి బాగా తక్కువ చూపిస్తే, ఆ రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె పెరిగితే రింగులు అరిగాయి, ఆయిల్ ఆ సందును కాసేపు మూసింది. పెరగకపోతే వాల్వ్‌లు గానీ హెడ్ గ్యాస్కెట్ గానీ. అరగంట పని ఇది. దీని తర్వాత మెకానిక్‌తో మాట్లాడే తీరే మారిపోతుంది.

అందుకే మొదటి వారం పానా పట్టకుండా ఒక నోట్‌బుక్ పట్టాలి. మీటరు రీడింగు, పోసిన పెట్రోలు, ఆయిల్ మట్టం, కూలెంట్ మట్టం, ఎప్పుడు ఏ చప్పుడు వచ్చింది, ఏ వేగంలో వచ్చింది, బ్రేకు తొక్కితే బండి ఏ పక్కకు లాగింది. “ఏదో చప్పుడొస్తుంది” అని రాస్తే ఉపయోగం లేదు. “ఎడమకు తిప్పినప్పుడు కుడి ముందు చక్రంలో గుర్రుమంటోంది” అని రాస్తే సగం పని అయిపోయింది, అది వీల్ బేరింగ్. అయిదంకెల మీటరున్న పాత బళ్లలో 99,999 తర్వాత లెక్క మళ్లీ సున్నాకొస్తుంది కాబట్టి అమ్మినవాళ్లు చెప్పిన కిలోమీటర్లను నమ్మి కూర్చోకూడదు. పెడల్ రబ్బర్ల అరుగుదల, స్టీరింగ్ నునుపు, డ్రైవర్ సీటు కుంగిన తీరు ఎక్కువ నిజం చెబుతాయి.

ఎక్కువ తిరిగినంత మాత్రాన బండి పని అయిపోదనడానికి గొప్ప ఉదాహరణ అమెరికాలో ఉంది. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో సైన్స్ పాఠాలు చెప్పిన ఇర్వ్ గోర్డన్ 1966లో ఒక వోల్వో పీ1800 కారు కొన్నారు. 2013లో అదే కారు 30 లక్షల మైళ్లు దాటింది. మన లెక్కలో 48 లక్షల కిలోమీటర్లకు పైనే. ఆయన రహస్యమంటూ ఏదీ దాచుకోలేదు. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉన్న షెడ్యూల్‌ను తప్పకుండా పాటించారు, ఆయిల్ వేళకు మార్చారు, కొత్త చప్పుడు వినిపిస్తే వాయిదా వేయలేదు. 2018లో ఆయన కన్నుమూసేదాకా ఆ కారు ఆయనతోనే ఉంది. మన దగ్గర సెకండ్ హ్యాండ్ బండితో పాటు ఓనర్స్ మాన్యువల్ చేతికి రావడం తక్కువ. దాన్ని వెతికి సంపాదించడం మొదటి కొనుగోలు కావాలి. ఓమ్నిలో టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చాలో, ఏ గ్రేడు ఆయిల్ పోయాలో అందులోనే ఉంటుంది. బెల్ట్ ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియని బండికి, చూడ్డానికి బాగున్నా సరే, కొత్తది వేయించాల్సిందే.

ఇక అసలు పని. బండిని కదిలించే భాగాల కన్నా ఆపే భాగాలు ముందు.

బ్రేకులు చూడాలంటే చక్రం విప్పాలి, చక్రం విప్పాలంటే బండి లేపాలి. కోహెడ లాంటి చోట చాలా ఇళ్ల ముందు మట్టి నేల. జాకీ మట్టిలో ఒకవైపు కుంగిందంటే బండి జారుతుంది. జాకీ కింద మందపాటి పలక వేయాలి, నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాలి, లేపాక ఛాసీ కింద స్టాండ్లు పెట్టి బరువంతా వాటి మీదకు దింపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకు ఎవరూ దూరకూడదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు స్టాండ్లు కావు, బరువు పడితే చెప్పకుండా పగులుతాయి. ఈ ఒక్క విషయంలో డబ్బు ఆదా చేయొద్దు.

డ్రమ్ము విప్పితే లైనింగ్ ఎంత మిగిలిందో, వీల్ సిలిండర్ చెమరుస్తోందో లేదో కంటికి కనిపిస్తుంది. ఆ దుమ్మును నోటితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. ఎక్కువమంది మరిచిపోయేది బ్రేక్ ఆయిల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. నిండు బరువుతో వాలులో పదేపదే బ్రేకు తొక్కితే లోపల ఆవిరి బుడగలు పుట్టి, పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది. రెండేళ్లకోసారి మొత్తం మార్చి, గాలి పూర్తిగా పోయేదాకా బ్లీడింగ్ చేయాలి. మొదటిసారి తెలిసినవాళ్లను పక్కన పెట్టుకుని చేయడం మంచిది. టైర్ల సంగతి తేలిక. పక్కగోడ మీద డాట్ అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. గాట్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ టైరు పని అయిపోయినట్టే.

బ్రేకుల తర్వాత నీళ్లు. ఈ ప్రాంతంలో పాత బళ్ల ఇంజన్లను ఎక్కువగా చంపేది ఇదేనని గట్టిగా చెప్పొచ్చు. రేడియేటర్‌లో నీళ్లు తగ్గితే ఇంటి బోరు నీళ్లే పోస్తారు. రంగారెడ్డి, నల్లగొండ వైపు బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. చాయ్ గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పొరే రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ, సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే దారుల్లోనూ పేరుకుంటుంది. ఆ పొర వేడిని బయటకు వెళ్లనివ్వదు. చలికాలంలో ఏమీ తెలియదు. మేలో ఎండ 40 డిగ్రీలు దాటి, బండి నిండా సరుకుతో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కినప్పుడు టెంపరేచర్ ముల్లు లేస్తుంది. అల్యూమినియం హెడ్ ఒక్కసారి బాగా కాగితే వంకర పోతుంది.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీయాలి. వేడి మీద తీస్తే ఒత్తిడితో ఉన్న నీళ్లు మొహం మీదకు చిమ్ముతాయి. మూత తీశాక లోపలి నీళ్ల రంగు చూడాలి. తుప్పు రంగులో ఉంటే లోపల ఇనుము తింటోంది. పైన నూనె తెట్టు తేలుతుంటే గ్యాస్కెట్ సంగతి చూడాలి. ఆయిల్ గేజ్ కర్ర తీసి చూస్తే ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉన్నా అదే జబ్బు. ఈ రెండూ లేకపోతే పాత నీళ్లు పూర్తిగా దింపి, రేడియేటర్ ఫ్లష్ మందు పోసి, డబ్బా మీద చెప్పినంత సేపు ఇంజన్ నడిపి, మళ్లీ దింపి, శుభ్రమైన నీళ్లు వచ్చేదాకా కడగాలి. ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయాలి. కూలెంట్ మన దగ్గర మంచు గడ్డ కట్టకుండా కాదు, తుప్పు పట్టకుండా, మరిగే హద్దు పెరిగేలా పనిచేస్తుంది. దింపిన పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, పశువులు తాగే చోట పారబోయకూడదు.

రేడియేటర్ మూతను కూడా చాలామంది లెక్కలో వేయరు. 0.9 బార్ ఒత్తిడి పట్టే మూత ఉంటే మామూలు నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. ఆ మూత రబ్బరు ఎండిపోయి ఒత్తిడి పట్టకపోతే 100 డిగ్రీలకే మరుగుతాయి. కొత్త మూత ఖరీదు హెడ్ పని ఖర్చులో ఏ మూలకూ రాదు. థర్మోస్టాట్ తీసి పారేస్తే బండి చల్లగా ఉంటుందన్న సలహా మాత్రం వినకూడదు. ఇంజన్ సరైన వేడికి రాక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి.

కరెంటు పని త్వరగా తేలుతుంది. రాత్రంతా ఆపి ఉంచిన బండి బ్యాటరీ మల్టీమీటర్‌లో 12.6 వోల్టుల దగ్గర చూపాలి, ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. మొదటిది సరిగ్గా లేకపోతే బ్యాటరీ, రెండోది లేకపోతే డైనమో. రెండూ బాగుండి సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే ఎర్త్ తీగ రెండు చివర్లూ విప్పి, జంగు గీకి, గట్టిగా బిగించాలి.

జంగు దగ్గర మాత్రం తొందర పనికిరాదు. ఓమ్నిలో అది దాక్కునే చోట్లు: తలుపుల కింది అంచులు, జారుడు తలుపు పట్టాల లోపల, చక్రాల పైకమాను, ముందు మ్యాటు కింద నేల. తలుపు కింద నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో మూసుకుపోతే వాన నీళ్లు లోపలే నిలుస్తాయి. పెయింటు ఉబ్బిన చోట పాత స్క్రూడ్రైవర్‌తో నొక్కి చూడాలి. గట్టిగా తగిలితే పై తుప్పే. కసుక్కున దిగితే రేకు పోయింది.

టింకరింగ్‌లో జరిగే పెద్ద మోసం ఇక్కడే. తుప్పు గీకకుండా దాని మీద లప్పం పెట్టి, జీరో పేపర్‌తో నునుపు చేసి, పెయింటు కొడతారు. నెల రోజులు అద్దంలా ఉంటుంది. ఒక వానాకాలం గడిచేసరికి అదే చోట మళ్లీ ఉబ్బుతుంది, ఈసారి రెండింతలు. సరైన పద్ధతి నెమ్మదిగా సాగుతుంది. తళతళలాడే లోహం కనిపించేదాకా తీగ బ్రష్‌తో గీకాలి; గుంటల్లో మిగిలిన దానికి రస్ట్ కన్వర్టర్ పూసి ఆరనివ్వాలి; ఆపైన ఎపాక్సీ ప్రైమర్, దాని మీద అవసరమైతే పలచగా లప్పం, తర్వాత పెయింటు. రంధ్రం పడిన చోట లప్పం పనికిరాదు, పాత రేకు కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయించాలి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు తీసేయాలి, పెట్రోలు ట్యాంకు పక్కన అయితే ట్యాంకు దించాలి. ఈ పని వానాకాలానికి ముందే ముగించాలి. ఒక ఆదివారానికి ఒక తలుపు చాలు. బండి మొత్తం ఒకేసారి గీకి కూర్చుంటే సోమవారం పనికి బండి ఉండదు, రెండో వారానికి ఉత్సాహమూ ఉండదు. ఏ రోజు మొదలుపెట్టిన పని ఆ సాయంత్రానికి బండి నడిచే స్థితిలో ఆగాలి. ఇంటి దగ్గర మొదలైన మరమ్మతుల్లో సగంలో ఆగిపోయే వాటికి ఎక్కువసార్లు కారణం చేతకాకపోవడం కాదు, ఈ నియమం పాటించకపోవడమే.

పెట్రోలు పైపుల గురించి ఇప్పుడు కొత్తగా జాగ్రత్త అవసరం. బంకుల్లో దొరికే పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా చేరింది. పాతకాలపు రబ్బరు గొట్టాలు, కార్బురేటర్‌లోని వాషర్లు దానికి తగ్గట్టు చేసినవి కావు. మెత్తబడతాయి, పగుళ్లు బారతాయి. ఇంజన్ సీటు కిందే ఉండే బండిలో పెట్రోలు కారడమంటే కాళ్ల కింద నిప్పు పెట్టుకోవడం. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు అడిగి కొని, క్లిప్పులతో సహా మార్చాలి. ఒకప్పుడు ఓమ్నిల్లో ఇంటి వంట గ్యాస్ ఎక్కించి తిప్పడం మన దగ్గర విరివిగా జరిగింది. అది నేరం, అంతకు మించి ప్రాణాలు తీసే పని. గ్యాస్ కావాలంటే ఆమోదం ఉన్న కిట్ బిగించి ఆర్‌సీలో రాయించుకోవాలి. సీఎన్‌జీ సిలిండర్‌కు 3 ఏళ్లకోసారి హైడ్రో టెస్టు చేయించాలి.

సామాను దొరకడం కూడా బండి ఆయుష్షులో భాగమే. 1980ల్లో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్ నిస్సాన్ సహకారంతో జహీరాబాద్‌లో చిన్న లారీలు తయారుచేసింది. ఆ దశాబ్దం చివర్లో అది మహీంద్రా చేతికి వెళ్లింది. ఆ బళ్లను ఇష్టపడినవాళ్లు ఎందరున్నా వాటి విడిభాగాలు దొరకడం ఏళ్లు గడిచేకొద్దీ కష్టమైంది. ఓమ్నికి ఆ ఇబ్బంది తక్కువ. దాని 796 సీసీ ఇంజన్ మారుతి 800 ఇంజన్‌తో ఒకే కుటుంబం కావడంతో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ ఆటోనగర్‌లోనూ సామాను దొరుకుతోంది. 2005లో వచ్చిన టాటా ఏస్ లక్షల్లో అమ్ముడైంది కనుక దానికీ అదే మేలు. కొనేటప్పుడు పాత భాగాన్ని చేతిలో పట్టుకుని వెళ్లాలి, పక్కన పెట్టి పోల్చాలి. బ్రేకులు, స్టీరింగ్ భాగాల్లో మాత్రం నకిలీ సామాను జోలికి వెళ్లకూడదు.

ఏస్ గురించి ఇంకో మాట. అది మోయగలిగేది సుమారు 750 కిలోలు. మామిడి కిరేటుకు 20 కిలోలు లెక్కేస్తే 40 కిరేట్లకే 800 అవుతుంది. సీజన్‌లో అంతకు మించి వేసుకుని వెళ్లి, కమాన్ పట్టీలు విరిగాయని ఇంకో పట్టీ అదనంగా వేయిస్తారు. పట్టీ బరువు మోస్తుంది సరే, బ్రేకులు, బేరింగులు, టైర్లు పాతవే. బరువు తగ్గించుకుని ఇంకో ట్రిప్పు వేయడమే చౌక.

ఇవన్నీ అయ్యాక బండిని మెరుగుపరచడం గురించి ఆలోచించాలి. ఈ ఎండల్లో మొదట చేయదగ్గది వేడి తగ్గించడం. ఓమ్నిలో సీటు కింది మూత చుట్టూ ఉన్న సీలింగ్ రబ్బరు మార్చి, మూత లోపలివైపు మంట అంటుకోని హీట్ షీట్ అతికిస్తే తొడలకు తగిలే సెగ బాగా తగ్గుతుంది. నేల మీదా తలుపుల లోపలా బ్యుటైల్ షీట్ వేస్తే రేకు అదరడం ఆగి చప్పుడు తగ్గుతుంది, అయితే తలుపు కింది నీటి రంధ్రాలు మూయకూడదు. హెడ్‌లైట్లకు విడిగా రిలే, సరైన మందం తీగ వేయిస్తే పాత బల్బులే మరింత వెలుగునిస్తాయి. హాలోజన్ డూమ్‌లో ఎల్‌ఈడీ బల్బు పెడితే ఎదురొచ్చేవాళ్ల కళ్లు చెదురుతాయి. సీట్ల సంఖ్య, బాడీ ఆకారం, ఇంధనం మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది; ముందే రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి. సొంత వాడకం బండికి 15 ఏళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ 5 ఏళ్లకోసారి పొడిగించుకోవాలి. సరుకు బండికి 8 ఏళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ తప్పదు. నోట్‌బుక్ సరిగ్గా రాస్తే ఫిట్‌నెస్‌కు వెళ్లే ముందు ఏం చూసుకోవాలో అందులోనే కనిపిస్తుంది.

ఆపేయాల్సిన సమయం కూడా ఉంటుంది. ఇంజన్ పోతే ఇంకోటి దొరుకుతుంది, గేర్‌బాక్స్ పోతే దొరుకుతుంది. కమాన్ పట్టీలు, సస్పెన్షన్ బిగించే చోట, సీటు బెల్టు బోల్టులు పట్టుకునే చోట రేకు తుప్పుకు పొడిపొడి అయితే ఇంటి దగ్గర చేసే అతుకులు దాన్ని భద్రం చేయలేవు. అప్పుడు బండిని పాత ఇనుము బేరగాడికి కాకుండా రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రానికి ఇవ్వాలి. అక్కడ ఇచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ మీద కొత్త బండి కొన్నప్పుడు మోటారు పన్నులో సొంత బండికి 25 శాతం వరకు, రవాణా బండికి 15 శాతం వరకు రాయితీ ఇవ్వడానికి కేంద్రం నిబంధనలు వీలు కల్పించాయి. బండి ఇచ్చేసినంత మాత్రాన పని అయిపోదు. ఆర్‌సీ రద్దయినట్టు రవాణా శాఖ రికార్డుల్లో నమోదైందో లేదో చూసుకోవాలి. అది జరిగేదాకా ఆ నంబరు మీద వచ్చే చలాన్లన్నీ పాత యజమాని పేరు మీదకే వస్తాయి.